బొమ్మల నవలలో ఒక వితంతువు

తోలుబొమ్మలాటలు చూచిన మీకు బొమ్మలతో కథ చెప్పుట క్రొత్త గాదు. ఇంగ్లాండులో బొమ్మల నవల యొకటి కలదు. పేరు ‘వి ఫర్ వెండెట్టా’. వెండెట్టా యనగా తీరని పగ. అలన్ మూర్ కథ వ్రాసెను; డేవిడ్ లాయిడ్ బొమ్మలు గీసెను. 1982 లో ‘వారియర్’ పత్రికయందు మొదలై, 1985 లో ఆ పత్రికతోపాటు తానును నిలిచిపోయి, పిదప అమెరికాలోని డి.సి. సంస్థ చేపట్టగా 1989 లో ముగిసెను.

మార్గరెట్ థాచర్ ఏలుబడినాటి భయములనుండి పుట్టిన కథ యిది. కథాకాలము 1997. అణుయుద్ధానంతరము నిరంకుశకక్ష యొకటి దేశమును చేజిక్కించుకొని, తనకు గిట్టనివారిని శిబిరములకు పంపి చంపినది. అందలి ప్రభుత్వశాఖల పేర్లు కన్ను, చెవి, ముక్కు, వ్రేలు, నోరు. వ్రేలనగా రక్షకభటులు, నోరనగా రేడియో. మొదటి పుటయందే రేడియోలో ప్రభుత్వకంఠము పలుకుచుండును. మైకు ముందు కూర్చుండి మీతో మాటలాడు నాకు ఆ పుట చదివినప్పుడు కొంత సిగ్గు కలిగిన మాట దాచను.

1605 లో పార్లమెంటును పేల్చజూచిన గై ఫాక్సు ముఖమును పోలిన ముసుగు ధరించి, ఒక అజ్ఞాతవీరుడు ఈ ప్రభుత్వముపై పగ సాధించును. అతనిని గూర్చి అందరు చెప్పుదురు. నా మనస్సు నిలిచినది రోజ్‌మేరీ యను స్త్రీకడ.

ఈమె వ్రేలుశాఖాధిపతి భార్య. అధికారులచే అణగద్రొక్కబడినది కాదు, అధికారి యింటనే యున్నది. భర్త కొట్టును, ఒకరాత్రి తుపాకి ఎక్కుపెట్టి మీట నొక్కి, అందు గుండు లేదని చెప్పును. అతడు వీరునిచేత హతుడైన పిదప ఈమెకు భరణము రాలేదు. నోరుశాఖాధిపతిని ఆశ్రయించినది, అతడును చచ్చెను. తుదకు రాత్రిశాలలో తాగుబోతుల యెదుట నర్తించి కూడు సంపాదించుకొన్నది. బొమ్మలలో మనోగతమును బుడగలలో వ్రాయరాదని లాయిడ్ నియమము; చప్పుళ్లకును అక్షరములు లేవు. కావున ముఖములే భారము మోయవలెను. ఈమె ముఖము పుటపుటకు వాడిపోవుటను నేను మరల మరల వెనుకకు త్రిప్పి చూచితిని.

ఏ రాజకీయమును ఎరుగని యీ స్త్రీయే తుదకు తుపాకి కొని, ఊరేగింపులో వచ్చుచున్న నాయకుని కాల్చి చంపును. ముసుగువీరుడు కాదు, తన కాపురమును, కూటిని, మానమును పోగొట్టుకొన్న వితంతువు.

1988 లో వ్రాసిన పీఠికలో మూర్, నిరంకుశత్వము వచ్చుటకు అణుయుద్ధమంతటి ఉత్పాతము కావలెనని తలచుట తన అమాయకత్వమే యని ఒప్పుకొనెను. రోజ్‌మేరీ కథకు అట్టి ఉత్పాతమే అక్కరలేదు.

2006 లో వెలువడిన చలనచిత్రము వలన ఆ ముసుగు లోకమెల్ల ప్రాకినది. ఎన్నో దేశములలో నిరసనకారులు దానిని ధరించిరి. ఆ చిత్రమున రోజ్‌మేరీ లేదు. నాయకుని అతని పోలీసు అధిపతియే కాల్చును.