శనైశ్చరుడు అంటే మెల్లగా నడిచేవాడు

డ్యూటీ బస్సులో ఈ వారం ఎపిసోడ్ సరిగ్గా వినపడలేదని కొందరు మెసేజ్ పెట్టిన్రు. అందుకే ఆ ముచ్చటంతా ఇక్కడ రాసి పెడుతున్న.

నవంబర్‌లో ఒక రాత్రి మా షట్టరింగ్ కార్పెంటర్ పిల్లగాడు నా రూమ్‌కు వచ్చిండు. ఇరవై నాలుగేళ్లు ఉంటయి. "అన్నా, జీతంల అడ్వాన్స్ ఇప్పిస్తవా?" అని అడిగిండు. ఎందుకురా అంటే, ఊర్లో వాళ్లమ్మకు ఎవరో చెప్పిన్రట: మేషరాశి, ఏలినాటి శని షురూ అయింది, శాంతి చేయించాలె, ఇరవై వేలు అయితది. వీసాకు తెచ్చిన అప్పే ఇంకా తీరలేదు. నా బుగులు వేరే. వాడు పనిచేసేది పన్నెండో అంతస్తుల. మనసుల భయం పెట్టుకొని స్కాఫోల్డింగ్ ఎక్కితే కాలు వణుకుతది.

వాణ్ణి డాబా మీదికి తీసుకపోయిన. దక్షిణం దిక్కు, బాగా ఎత్తుల, కొంచెం పసుపు రంగుల ఒక చుక్క మినుకుమనకుండా నిలకడగా వెలుగుతున్నది. "అదే శని" అన్న. వాడు తల దించుకున్నడు. చిన్నప్పటి నుంచి ఆ పేరుకు భయపడుడే కానీ, ఒక్కసారి కూడా చూడలేదట.

నేను చదివింది ఐటీఐ. ఆకాశం గురించి తెలిసింది డాబా మీద పడుకున్న ఎండాకాలాల్లో, ఫోన్‌లో చదువుకున్న దానితో. వాడికి చెప్పిందే మీకూ చెప్తున్న.

టెలిస్కోప్ లేని కాలంలో, నక్షత్రాల మధ్య రోజూ చోటు మార్చేవి మనిషి కంటికి ఏడు కనిపించాయి: సూర్యుడు, చంద్రుడు, కుజుడు, బుధుడు, గురుడు, శుక్రుడు, శని. మిగతా నక్షత్రాలన్నీ ఒకదానికొకటి దూరం మారకుండా కలిసే తిరుగుతాయి. వారంలో ఏడు రోజుల పేర్లు ఈ ఏడింటివే. మన సెలవు రోజు శుక్రవారం కూడా అంతే.

నవగ్రహాల్లో మిగిలిన రాహువు, కేతువు కంటికి కనిపించేవి కావు. ఆకాశంలో చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటే రెండు చోట్లు అవి. అమావాస్య గానీ పున్నమి గానీ ఆ చోట్ల దగ్గర పడితేనే గ్రహణం. సూర్యగ్రహణంలో చంద్రుడు అడ్డం వస్తాడని, చంద్రగ్రహణంలో భూమి నీడ పడుతుందని ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలోనే రాశాడు.

మనవాళ్లు గ్రహాల నడకను ఎంత ఓపికగా చూశారో పుష్కరాలే సాక్ష్యం. గురుడు ఒక చుట్టు తిరగడానికి సుమారు 12 ఏళ్లు, అంటే రాశికి ఏడాది. సింహరాశిలోకి వస్తే గోదావరి పుష్కరాలు, కన్యలోకి వస్తే కృష్ణా పుష్కరాలు. 2003లో, 2015లో గోదావరిలో మనం మునిగింది ఒక గ్రహం క్యాలెండర్ చూసే.

శనికి ఒక చుట్టు 29న్నర ఏళ్లు. అంటే రాశికి రెండున్నరేళ్లు. మన జన్మరాశి, దాని ముందుది, దాని వెనుకది, ఈ మూడు దాటడానికి ఏడున్నరేళ్లు. ఏలినాటి శని లెక్క ఇదే. శనైశ్చరుడు అన్న పేరుకు అర్థం మెల్లగా నడిచేవాడు అని. ఆ పేరులో భయం లేదు, నడక ఉంది.

ఇంకో లెక్క చూడండి. పన్నెండు రాశుల్లో మూడంటే నాలుగో వంతు. మా క్యాంపులో ఆరు వందల మందిమి. మాటవరసకు నూట యాభై మందికి ఇప్పుడు ఏలినాటి శని నడుస్తున్నట్టే. అందరికీ ఒకేసారి కష్టం రాలేదు కదా!

నెమ్మది ఎందుకంటే దూరం వల్ల. సూర్యుడి చుట్టూ తిరగడానికి బుధుడికి 88 రోజులు, శుక్రుడికి 225, మన భూమికి 365, కుజుడికి 687. దూరం పోయిన కొద్దీ దారీ పొడుగే, నడకా నెమ్మదే. భూమి సెకనుకు సుమారు 30 కిలోమీటర్లు పోతే, శని 10 కూడా పోదు. ఈ దూరానికి, కాలానికి ఉన్న లెక్కను 1619లో అచ్చు వేయించినవాడు కెప్లర్. వక్రగతి అనేది కూడా ఇందులోదే. మన బస్సు లారీని దాటేటప్పుడు లారీ వెనక్కి పోతున్నట్టు అనిపిస్తది కదా, శనిని భూమి దాటేటప్పుడు అట్లే కనిపిస్తది.

చంద్రుడు తిరిగేది భూమి చుట్టూ, సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో. అమావాస్య నుంచి అమావాస్యకు 29న్నర రోజులు. రంజాన్ నెలవంక కోసం క్యాంపంతా తలెత్తి చూసేది ఈ లెక్కతోనే. మన శ్రీహరికోట నుంచి పోయిన చంద్రయాన్-3, 2023 ఆగస్టు 23న ఆ చంద్రుడి దక్షిణ ధ్రువం వైపు దిగింది.

1610లో గెలీలియో తన చేత్తో చేసుకున్న టెలిస్కోప్‌తో గురుడి చుట్టూ తిరిగే నాలుగు చంద్రులను చూశాడు. శనిని చూసి మూడు ముక్కలేమో అనుకున్నాడు. అది వలయమని 1659లో హైగెన్స్ తేల్చాడు. అతనూ అద్దాలు స్వయంగా అరగదీసుకున్నవాడే. ఆ వలయం నిండా ఉన్నది ఎక్కువగా మంచు ముక్కలే.

1781లో యురేనస్‌ను కనిపెట్టిన హెర్షెల్ వృత్తి సంగీతం. ఒకసారి అద్దం మీద నుంచి చెయ్యి తియ్యకుండా పదహారు గంటలు సానబట్టాడు. అలాంటప్పుడు చెల్లెలు కరోలిన్ నోట్లో ముద్దలు పెట్టేది. యురేనస్ నడకలో తేడా చూసి లవెరియే లెక్క కడితే, 1846లో గాలె నెప్ట్యూన్‌ను ఆ లెక్క చెప్పిన చోటికి దగ్గరలోనే పట్టుకున్నాడు. 1930లో ప్లూటోను కనిపెట్టిన టాంబా రైతు కొడుకు. అప్పటికి డిగ్రీ లేదు, వయసు 24. 2006లో ప్లూటోను మరుగుజ్జు గ్రహం అన్నారు కాబట్టి ఇప్పుడు గ్రహాలు ఎనిమిది. టాంబా చితాభస్మం కొంత మోసుకుపోయిన నౌక 2015 జులై 14న ప్లూటోను దాటింది. అదే రోజు గోదావరి పుష్కరాలు మొదలయ్యాయి.

ఇదంతా విని పిల్లగాడు మళ్లా ఆ చుక్క దిక్కు చూసిండు. "అయితే అన్నా, ఆయన నా వెంట పడలేదా?"

"ఆయన దారిన ఆయన పోతున్నడురా."

వాడు వాళ్లమ్మకు ఫోన్ చేసిండు. చాలాసేపు మాట్లాడిండు. గుడిలో దీపానికని రెండు వేలు పంపిండు. అమ్మ మనసు కూడా ఉంటది కదా, నేను వద్దనలేదు. అడ్వాన్స్ మాత్రం మళ్లా అడగలేదు.

తెల్లారి పని మొదలుపెట్టే ముందు వాడి హార్నెస్ హుక్ నేనే లాగి చూసిన. మీరూ చూసుకోండి. రాత్రికి డాబా ఎక్కినప్పుడు, మినుకుమనని చుక్క ఏదన్నా కనిపిస్తే ఏ గ్రహమో పోల్చుకోండి. వచ్చే వారం కలుద్దాం.