ఏరు దాటిన ఉప్పుమూట

ఈ వారం చరిత్ర ముచ్చట రాజులది కాదు. ఉప్పు, అగ్గిపెట్టె, గ్యాసునూనె, గాజులది. వీటిని ఏరు అవతలి నుంచి తెచ్చి, ఇంటింటా అమ్ముకుని బతికిన చిల్లర వర్తకులది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల్లో ఒకప్పుడు ఇలాంటి బేరం పెట్టుకోవాలంటే చేతిలో నాలుగు రూపాయలుంటే చాలేది కాదు. నదిని దాటాలి, నాకాను దాటాలి, నాణెం మార్చాలి.

ముందు ఊళ్ళ పేర్లే చూడండి. అలంపురం గుడికి రాళ్ళు తోలిన బండ్లు తుంగభద్ర దాటే ముందు ఇరుసులకు కందెన పూసుకున్న చోటు కందెనవోలు అయిందనీ, అదే కర్నూలు అయిందనీ పెద్దలు చెబుతారు. నాగర్‌కర్నూలు పేరుకూ ఇలాంటి కథే ఉంది. అక్కడ బండ్లవాళ్ళకు కందెన అమ్మేవారట. నిజమెంతో గానీ, రెండు ఊళ్ళకూ బండి ఇరుసు మీదనే పేరు పుట్టిందని జనం అనుకున్నారంటే ఆ దారిన ఎన్ని బండ్లు నడిచాయో ఊహించుకోండి.

ఆ దారి మధ్యలో గీత పడింది 1800లో. నిజాం తన రాజ్యంలో కృష్ణా తుంగభద్రలకు దక్షిణాన ఉన్న సీమను కుంపిణీ వారికి వదులుకున్నాడు. కర్నూలు నవాబు మరి కొంతకాలం నిలిచాడు గానీ 1839లో ఆయన్నీ దించేశారు. అప్పటి నుంచి ఏటికి అటు ఇంగ్లీషువారు, ఇటు నిజాం. ఇటువైపు మళ్ళీ గద్వాల, వనపర్తి, కొల్లాపురం రాజధానిగా జటప్రోలు సంస్థానాలు, నిజాముకు కప్పం కట్టుకుంటూ ఉండేవి. అటూ ఇటూ మాట తెలుగే, వియ్యాలు కయ్యాలు ఒకటే. కానీ కర్నూలులో కొన్న పళ్ళెం గద్వాలకు వచ్చేసరికి పరదేశపు సరుకు అయిపోయేది!

ఏం తెచ్చేవారు అంటారా? అన్నిటికన్నా ముందు ఉప్పు. నిజాం రాజ్యానికి సముద్రం లేదు. కోస్తా ఉప్పును లంబాడీలు ఎద్దుల మీద వేసుకుని మందలు మందలుగా పైకి తెచ్చేవారు, పోయేటప్పుడు ధాన్యం తీసుకుపోయేవారు. రోడ్లూ రైళ్ళూ వచ్చి వాళ్ళ బతుకుతెరువు తీసేశాయి. దాని గురించి వేరే చెప్పుకోవాలి. కోస్తాలో కొఠార్ల దగ్గరే ఇంగ్లీషువారి ఉప్పుపన్ను పడేది. 1947లో ఆ పన్ను ఎత్తేసేదాకా, ఇంగ్లీషువారిని ఎన్నడూ ఏలికలుగా ఒప్పుకోని గద్వాల ఇల్లాలు కూడా పప్పులో ఉప్పు వేసినప్పుడల్లా వారికి పన్ను కట్టినట్టే. మా అవ్వ దొడ్డుప్పు పలుకు కింద పడితే ఏరుకునేది. పారబోస్తే చచ్చాక కంటిరెప్పలతో ఎత్తాల్సి వస్తుందని బెదిరించేది. చాదస్తం అనుకునేదాన్ని. ఉప్పు అంత దూరం నుంచి, అంత ఖరీదై వచ్చేదని తెలిశాక ఆ మాట వేరుగా వినిపిస్తున్నది.

ఉప్పు తర్వాత సీమసరుకు వచ్చింది. కర్నూలు వాళ్ళు కిరసనాయిలు అన్నదాన్ని మావైపు గ్యాసునూనె అన్నారు. నూనె అయిపోయాక ఖాళీ డబ్బా నీళ్ళు మోయడానికి, గింజలు పోసుకోవడానికి పనికొచ్చేది. ఆపైన అగ్గిపెట్టెలు, పింగాణీ సామాను, గాజులు, మిల్లుగుడ్డ.

ఇక దాటడం సంగతి. గద్వాల వాడు నడిగడ్డ వాడు, అంటే కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్నవాడు. కర్నూలు నుంచి అతను ఒక్క ఏరు దాటితే చాలు. వనపర్తి వర్తకుడు తుంగభద్ర దాటి, నడిగడ్డ దాటి, బీచుపల్లి దగ్గర కృష్ణ కూడా దాటాలి. కొల్లాపురం వాడికి సోమశిల రేవు. వంతెనలు లేని రోజుల్లో పుట్టే గతి. వెదురుతో బుట్టలా అల్లి పైన తోలు కప్పిన గుండ్రటి పుట్టిలో ఉప్పుమూట పెట్టుకుని కూర్చుంటే, మూట తడిసిందా పెట్టుబడి ఏట్లో కలిసినట్టే. రేవు ప్రమాదం పాతకాలపు మాట అనుకోకండి. 2007 జనవరిలో ఆ కృష్ణమీదనే, శ్రీశైలం వెనుకనీళ్ళలో, మంచాలకట్ట వైపు వస్తున్న పడవ మునిగి 60 మంది దాకా పోయారు.

ఏరు దాటితే కరోడ్‌గిరి నాకా. కరోడ్‌గిరి అంటే నిజాం గారి సుంకాల శాఖ. కుంపిణీతో 1802లో చేసుకున్న వర్తక ఒప్పందంలోనే సరుకు వెల మీద నూటికి 5 వంతున సుంకం అని రాసుకున్నారు. వచ్చే సరుకుకే కాదు, పోయే సరుకుకూ సుంకం ఉండేది. నూటికి ఐదే గదా అనిపిస్తుంది. కానీ సుంకం వెల మీద. వెల ఎంతన్నది నాకా గుమాస్తా నోట ఉండేది. మూట విప్పాలి, చూపాలి, బతిమాలాలి. ఇచ్చిన రసీదు ఉర్దూలో. తెలుగు లెక్కలు రాసుకునే చిల్లర వర్తకుడికి అందులో ఎంత పడిందో చదివి చెప్పే మనిషి కావాలి. పెద్ద వర్తకుడు గుమాస్తాను పెట్టుకుంటాడు. నెత్తిన గంప పెట్టుకున్న గాజులమ్మకు ఎవరు చదువుతారు?

నాణెం తిప్పలు ఇంకో రకం. ఏటికి అటు ఇంగ్లీషు రూపాయి, కల్దారు అనేవారు. ఇటు నిజాం హాలీ సిక్కా. మారకం 100 కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైలు. ఈ అంకె చూసి బెదరకండి, ఆరు కల్దార్లకు ఏడు హాలీలు, అంతే. ఒక మనిషి కర్నూలులో 60 కల్దార్ల సామాను కొన్నాడనుకుందాం. దానికి 70 హాలీ కావాలి. నూటికి ఐదు లెక్కన 3 రూపాయల 8 అణాలు సుంకం. అంటే 73 రూపాయల 8 అణాలు. ఆపైన నాణెం మార్చినందుకు షరాబు పట్టే వట్టం, పుట్టి కూలి, బండి కూలి. ఇన్నీ సరుకు ధరలో కలిపి ఊళ్ళో అమ్మితే, కొనేవాళ్ళు ఉద్దెర అంటారు, పంట వచ్చాక గింజలు కొలుస్తామంటారు. కల్దారు బాకీ ఏటవతల అలాగే ఉంటుంది. ఈ బేరంలో నెగ్గుకొచ్చినవాళ్ళను పిసినారులని మనవాళ్ళు ఎగతాళి చేశారు గానీ, ఆ లెక్క నోటితో వేయగలిగిన వాళ్ళ తెలివిని ఎవరూ మెచ్చుకోలేదు.

ఊరికి చేరిన సరుకుకూ భద్రం లేదు. పర్యటనకు వచ్చిన అధికారులు అంగట్లో కావలసినవి తీసుకుని సొమ్ము ఇవ్వకుండా పోవడం మామూలు. మాడపాటి హనుమంతరావు గారి వంటి పెద్దలు 1921లో హైదరాబాదులో ఆంధ్ర జనసంఘం పెట్టినప్పుడు మొదట పట్టించుకున్న పనుల్లో వర్తకుల ఈ గోడు ఒకటి.

1947, 48 సంవత్సరాల్లో నాకా తలుపే మూతపడింది. నిజాం యూనియన్‌లో చేరనన్నాడు, ఇండియా నుంచి సరుకు ఆగింది. ఉప్పుకూ గ్యాసునూనెకూ మందులకూ కరువొచ్చింది. సరిహద్దు అవతల శిబిరాలు పెట్టిన స్టేట్ కాంగ్రెస్ వాలంటీర్లు కరోడ్‌గిరి నాకాల మీద పడి కొట్టేవారు. రాజకీయం తెలిసినవాళ్ళకు అది స్వాతంత్ర్య పోరాటం. ఆ వారం సరుకు పుట్టిలో ఎక్కించుకున్న వర్తకుడికి మాత్రం రెండువైపులా భయమే. 1948 సెప్టెంబరు 17తో నిజాం ఏలుబడి ముగిసింది. 1950ల్లో సుంకాలూ, హాలీ సిక్కా, ఒకదాని వెంట ఒకటి పోయాయి.

గీత మాత్రం పూర్తిగా పోలేదు. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయితే, రాజధాని రేవులో నిలబడి చూస్తే ఎదురుగా హైదరాబాదు రాష్ట్రం! 1956లో రెండూ ఒకటయ్యాయి. గద్వాల, అలంపురాలు రాయచూరు జిల్లా నుంచి మహబూబ్‌నగర్ జిల్లాకు వచ్చాయి. 2014 జూన్ 2న మళ్ళీ నదే సరిహద్దు. చెక్‌పోస్టులు వెలిశాయి, లారీలు బారులు తీరాయి. 2017 జులై 1న జి.ఎస్.టి. వచ్చి పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు.

సంఘంలో అప్పు తీసుకుని స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ సామాను కర్నూలు నుంచి తెచ్చుకుందామనుకునే చెల్లెళ్ళ కోసం లెక్కలు చూసేవారిని అడిగి ఈ సంగతి రాస్తున్నాను. ఏటవతల కొని తెచ్చుకుని మన ఊళ్ళో అమ్ముకుంటే, ఏడాది అమ్మకం 20 లక్షలు దాటనంతవరకు జి.ఎస్.టి. నమోదు అక్కరలేదు. సరుకు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు ఉండాలి. కానీ పన్ను ఉన్న సరుకును మీరే ఏటవతలికి పంపి అమ్మితే, మామూలుగా మొదటి రూపాయికే నమోదు కావాలి. అలంపురం నుంచి రెండు వందల కిలోమీటర్ల హైదరాబాదుకు అమ్మితే ఆ నిబంధన లేదు. కూతవేటులో ఉన్న కర్నూలుకు అమ్మితే ఉంది.