పసిపిల్లల క్రేయాన్లు

ఏడాది నుంచి మూడేళ్ల లోపు పిల్లల చేతికి తగ్గట్టు లావుగా, పొట్టిగా పోతపోసిన మైనపు రంగుకడ్డీలు ఇవి. ముడిసరుకు ప్రధానంగా మామూలు క్రేయాన్లదే: పారఫిన్ మైనం, రంగుపొడి. 1903లో అమెరికాలో బిన్నీ అండ్ స్మిత్ కంపెనీ క్రేయోలా పేరుతో ఎనిమిది రంగుల పెట్టెను ఐదు సెంట్లకు అమ్మింది. అవి బడి పిల్లల కోసం చేసిన సన్నకడ్డీలు.

బడి ఈడు రాని పిల్లలు కడ్డీని వేళ్లతో కాదు, గుప్పిటతో పట్టుకుంటారు. మణికట్టు తిప్పడం ఇంకా రాదు కాబట్టి భుజం నుంచి చెయ్యంతా ఊపి గీస్తారు. ఆ ఊపుకి సన్నని క్రేయాన్ గుప్పిట అంచు దగ్గరే పుటుక్కుమంటుంది. గుండ్రటి కడ్డీ వంగకుండా నిలిచే బలం దాని వ్యాసపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. మామూలు క్రేయాన్ వ్యాసం సుమారు 8 మి.మీ., జంబో అనే లావు రకానిది 14 మి.మీ. అంటే ఒకే మైనంతో చేసినా జంబో ఐదు రెట్లకు పైగా గట్టిది. గుప్పిట దాటి బయటికొచ్చే భాగం ఎంత పొట్టిదైతే అంత మేలు. జర్మనీ స్టాక్‌మర్ కంపెనీ తేనెమైనపు దిమ్మలు, గుడ్డు ఆకారపు క్రేయాన్లు నిలిచేది ఇందుకే. మూడు పలకలవైతే బల్ల మీంచి దొర్లిపోవు కూడా.

గట్టిదనం ఒక్కటే చూసుకుంటే బోల్తా పడతాం. ప్లాస్టిక్ క్రేయాన్లు ఓ పట్టాన విరగవు, నిజమే. గట్టిగా నొక్కితే తప్ప రంగూ పడదు. రంగు పడకపోతే పిల్లలు రెండు గీతలు గీసి విసిరేస్తారు. 1920ల్లో జపాన్‌లో బడి పిల్లల కోసం వచ్చిన ఆయిల్ పాస్టెల్స్‌ది మరో తంటా: తాకితే చాలు రంగే, కాగితానికీ చేతికీ గోడకీ. పైగా మెత్తన. షాపులో బరువు పెట్టకుండా ఒక గీత గీసి చూడండి. చిక్కటి గీత పడే లావుపాటి మైనపు క్రేయాన్‌ను మించింది ఈ వయసుకి లేదు.

మూడేళ్ల లోపు పిల్లల వస్తువులు మింగేంత చిన్న ముక్కలుగా ఊడిరాకూడదని అమెరికా నిబంధన. అది క్రేయాన్లను మినహాయించింది. విరగకుండా వాటిని తయారుచేయడం సాధ్యం కాదన్నదే కారణం. 2000లో అక్కడే కొన్ని రకాల్లో టాల్క్ వెంట వచ్చిన ఆస్బెస్టాస్ ఆనవాళ్లు బయటపడ్డాయి. దాంతో తయారీదార్లు టాల్క్ మానేయడానికి ఒప్పుకున్నారు. సీసం లాంటి లోహాలకు పరిమితి పెట్టే యూరప్ ప్రమాణం ఈఎన్ 71-3. పెట్టె మీద ఆ గుర్తు ఉందేమో చూడాలి. విషం లేదని రాసినంత మాత్రాన తినొచ్చని కాదు.

పారఫిన్ రకాన్ని బట్టి 46 నుంచి 68 డిగ్రీల మధ్య కరుగుతుంది. మన మే నెల ఎండలో తలుపులు వేసిన కారులో వదిలేస్తే ఎంత మంచి కంపెనీదైనా ముద్దవుతుంది.

చుట్టిన కాగితాన్ని పిల్లలు గిల్లి నోట్లో పెట్టుకుంటారు, కొనగానే ఒలిచేయడమే మంచిది. కడ్డీ విరిగి మూడు సెంటీమీటర్ల కంటే చిన్న ముక్క మిగిలితే మొహమాటపడకుండా పారేయండి. గీస్తున్నంతసేపూ పక్కన పెద్దవాళ్లు ఉండాలి.