బుధుని దినము

గ్రహముల సంవత్సర ప్రమాణమును మానవుడు వట్టి కన్నులతోడనే గణింపగలిగెను గాని, వానిలో కొన్నిటి దినప్రమాణము నెరుగుటకు దుర్భిణియు చాలక రేడార్ వరకు వేచియుండవలసి వచ్చెను. సంవత్సరము ఆకసమున బహిరంగముగ సాగు యాత్ర. గ్రహము నక్షత్రముల నడుమ నొక చుట్టు తిరిగివచ్చువరకు ఓపికతో కనిపెట్టియుండువానికి అది దొరకక మానదు. గురుడు రాశిచక్రమును చుట్టివచ్చుటకు ఇంచుమించు పన్నెండేండ్లు పట్టునను సంగతి గోదావరిలో పుష్కరస్నానము చేయు ప్రతి గృహస్థునకును తెలిసినదే. 43,20,000 సంవత్సరముల మహాయుగమున బుధుని శీఘ్రోచ్చ, అనగా సూర్యుని చుట్టు బుధుడు తిరుగుటను సూచించు గణితబిందువు, 1,79,37,060 మారులు తిరుగునని సూర్యసిద్ధాంతము చెప్పుచున్నది. భాగించి చూచినచో ఒక్కొక్క పరిభ్రమణమునకు 87.97 దినములు వచ్చును. నేటి ఖగోళశాస్త్రజ్ఞులు చెప్పు సంఖ్యయు నదియే. సూర్యకాంతిలో మరుగుపడి, సంధ్యలయందు మాత్రమే స్వల్పకాలము పొడసూపు గ్రహమును గూర్చి ఇంతటి సూక్ష్మతను సాధించిన ఆ గణకుల పరిశ్రమకు చేతులు జోడింపక యుండజాలను.

దినమన్ననో, గ్రహము తన చుట్టు తాను తిరుగుట. అది తెలియవలెనన్న దాని మేనిపై గురుతుపట్టదగిన మచ్చ యొకటి కనబడవలెను. 1659లో హైగెన్సు అంగారకునిపై నొక నల్లని మచ్చను చిత్రించి, ఆ గ్రహముయొక్క దినము మన దినమునకు దాదాపు సమానమని గ్రహించెను. 1666లో కసీనీ దానిని 24 గంటల 40 నిమిషములుగా లెక్కించెను. పన్నెండేండ్ల సంవత్సరము గల గురుడు పదిగంటలైన గడువకముందే ఒక భ్రమణమును ముగించుచున్నాడని అంతకు పూర్వమే కనుగొన్నవాడును ఆయనయే.

బుధుడు మాత్రము చిక్కలేదు. మిలాను నగరమందలి బ్రేరా వేధశాలలో షియాపరెల్లి 1882 మొదలు పట్టపగలే దుర్భిణి నెక్కుపెట్టి, ఏండ్లతరబడి పరిశీలించి, బుధుని భ్రమణకాలము గూడ 88 దినములే యనియు, చంద్రుడు భూమికి వలె ఆ గ్రహము సూర్యునకు సర్వదా ఒకే ముఖమును చూపుననియు 1889లో ప్రకటించెను. ఆంటోనియాడి 1934 నాటి తన గ్రంథమున దానినే సమర్థించుటచే ఆ మతము మరింత స్థిరపడెను. షియాపరెల్లి యంతటి పరిశీలకుని కన్ను మోసపోవుటకు హేతువు లేకపోలేదు: బుధుని చక్కగ చూడదగిన అనుకూలకాలము ఇంచుమించు 350 దినముల కొకసారి మరలివచ్చును, ఆలోపున ఆ గ్రహము తన చుట్టు దాదాపు ఆరు మారులు తిరిగి, మునుపటి ముఖముతోడనే ఎదుట నిలుచును.

1965లో ప్యూర్టోరికో ద్వీపమందలి అరెసిబో నుండి పెటెంగిల్, డైస్ అనువారు బుధునిపైకి రేడార్ తరంగములను పంపిరి. తిరుగుచున్న గోళమున ఒక యంచు మనవైపు వచ్చుచు, రెండవ యంచు తొలగిపోవుచుండుటచే, ప్రతిఫలించి వచ్చిన తరంగముల పౌనఃపున్యము కొంత విస్తరించును. ఆ విస్తారమును కొలిచి, భ్రమణకాలము సుమారు 59 దినములని వారు తేల్చిరి. అది బుధవత్సరమున సరిగా మూడింట రెండు వంతులు, అనగా 58.65 దినములు, కావలెనని ఇటలీ దేశీయుడగు కొలంబో సూచించెను. బుధుని కక్ష్య వృత్తమునకు మిక్కిలి భిన్నమై సాగియుండుటచే, సూర్యాకర్షణ ఆ గ్రహమును ఈ నిష్పత్తియందే బంధించి యుంచినది. ఇందుమూలమున బుధునిపై ఒక సూర్యోదయమునకును మరుసటి సూర్యోదయమునకును నడుమ మన దినములు 176, అనగా రెండు నిండు బుధవత్సరములు, గడచిపోవును.