పోరుమామిళ్ల శాసనం చెప్పని పేర్లు

ఏటా అక్టోబరు 15తో పోరుమామిళ్ల చెరువు వయసు మరో ఏడాది పెరుగుతుంది. శాలివాహన శకం 1291, సౌమ్య నామ సంవత్సరం, కార్తీక శుద్ధ చతుర్దశి అని శాసనం చెబుతోంది. మన క్యాలెండరులో అది 1369 అక్టోబరు 15. ఆరున్నర శతాబ్దాలు దాటినా కడప జిల్లాలోని ఆ చెరువు ఆయకట్టుకు నీళ్లిస్తూనే ఉంది. కట్టించిన రాజ్యం ఎప్పుడో కూలిపోయింది. మరి చెరువును ఇన్నాళ్లు నిలిపిందెవరు?

అంతకు ముందు కథ క్లుప్తంగానే చెప్పుకోవాలి. జీవనది అందని మెట్ట సీమల్లో వాన చుక్కను పట్టి దాచుకోవడం తప్ప మనవాళ్లకు మరో దారి లేదు. కాకతీయుల కాలానికి ఆ విద్య బాగా ముదిరింది. పాకాల, రామప్ప, లక్నవరం వాళ్ల నాటివే. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండేలా గొలుసుకట్టుగా అల్లిన ఊరి చెరువులైతే లెక్కకు మిక్కిలి. పుణ్యమిచ్చే సప్త సంతానాల్లో తటాకం ఒకటి కనుక రాజులు, సామంతులు, ధనవంతులు పోటీపడి తవ్వించారు, శాసనాలు వేయించారు.

ఆ శాసనాలన్నింటిలో నాకు పోరుమామిళ్లదే ప్రాణం. విజయనగరాన్ని ఏలిన మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఉదయగిరి నుంచి ఈ సీమను పాలిస్తూ చెరువు కట్టించాడు, అనంతరాజసాగరమని పేరు పెట్టాడు. భైరవాలయం ముందు రెండు రాతి పలకల మీద సంస్కృతంలో చెక్కించిన ఆ శాసనాన్ని, తర్వాతి కాలంలో మహాభారత పరిష్కరణతో పేరుపొందిన పండితుడు వి.ఎస్. సుక్తంకర్ శాసనాల పత్రిక ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించారు. దాన శాసనంగా మొదలై అది చెరువు కట్టేవాడి చేతి పుస్తకంగా మారిపోతుంది.

మంచి చెరువుకు 12 సాధనాలు కావాలంటుంది. ధర్మబుద్ధి గల రాజు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకనేల, మూడు యోజనాల దూరం నుంచి తియ్యటి నీళ్లు తెచ్చే ఏరు. రెండు కొండల నడుమ మరీ పొడవు కాకుండా గట్టి రాతికట్ట. లోతైన, విశాలమైన గర్భం. నిడుపాటి రాళ్లిచ్చే గని దగ్గర్లోనే ఉండాలి. కింద చదునైన సారవంతమైన పొలాలుండాలి. చివరిదైన పన్నెండోది, పనితనం తెలిసిన కూలీల బృందం. రాజుతో మొదలైన జాబితా పనివాళ్లతో ముగుస్తుంది. వాళ్లు లేనిదే చెరువు లేదని రాతి మీద ఒప్పుకున్నారు. ఈ శాసనం మీద నాకున్న ప్రేమకు అసలు కారణమదే.

ఆరు దోషాలూ చెప్పారు. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు నడుమ తాబేలు వీపులా మిట్ట, నీరు తక్కువై నేల ఎక్కువ కావడం, నేల తక్కువై నీరు ఎక్కువ కావడం. సరిహద్దు నీళ్లు తగవు తెస్తాయని ఆనాడే చెప్పారంటే, ఎన్ని తగవులు చూసి ఉంటారో!

రోజుకు వెయ్యిమంది కూలీలు, రాతిపనికి వంద బండ్లు, రెండేళ్ల శ్రమ. ఆనాటి కొలతలో కట్ట పొడవు 5,000 రేఖాదండాలు, వెడల్పు 8, ఎత్తు 7. లెక్కలన్నీ ఉన్నాయి. ఆ వెయ్యిమందిలో ఏ ఒక్కరి పేరూ లేదు.

కట్టడం రెండేళ్ల పని, కాపాడటం ఏటా పని. దానికి దశబంధం అనే ఏర్పాటుండేది. చెరువు తవ్వినవారికో, బాగుచేసినవారికో దాని కింద కొంత మాన్యం ఇచ్చేవారు. మరమ్మతు చూసుకున్నంత కాలమే ఆ మాన్యం. రాయలసీమ శాసనాల్లో ఈ మాట తరచూ కనిపిస్తుంది. ఇక రోజువారీ కాపలా నీరుగంటిది. పాత తూము చూసినవారికి తెలుస్తుంది: నీళ్లలో రెండు రాతి స్తంభాలు, వాటిని కలుపుతూ బెజ్జాలున్న అడ్డరాళ్లు, ఆ బెజ్జాల్లోంచి దిగే పొడవాటి గడ, అడుగున బిరడా. నిండు చెరువులో ఈదుకుంటూ వెళ్లి గడను ఎంత లేపాలో నీరుగంటికి తెలుసు. ఏ మడికి ఏ పూట వంతో, కరువు ఏడాది ఎవరి పొలం ఎండబెట్టాలో కూడా అతని నోటి లెక్కే. వానాకాలం రాత్రి కట్ట మీద తిరుగుతూ బొరియల్లో నీరు ఊరుతోందేమో చూసుకునేవాడు. కళ్లం దగ్గర ధాన్యంలో మేర పుచ్చుకునేవాడు. చాలా ఊళ్లలో ఆ పని చేసినవి దళిత కుటుంబాలు. అందరి మడికీ నీళ్లు పారించినవారిలో ఎంతోమందికి ఆ చెరువు కింద సెంటు భూమి లేదు. గత వైభవమని మురిసిపోయే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

1800లో ఈ సీమ కుంఫిణీ చేతికి వచ్చింది. దశబంధం వంటి ఇనాముల లెక్కలు తిరగదోడారు. 1858లో మద్రాసు ప్రభుత్వం ఊరే తన చెరువును బాగుచేసుకునే కుడిమరమ్మత్తు ఆచారాన్ని చట్టంలో పెట్టి, ఊరివాళ్ల శ్రమను నిర్బంధం చేసింది. ఊరు తనంతట తాను చేసుకున్న పని సర్కారు వెట్టి అయింది. అక్కడ తెగిన ముడి మళ్లీ సరిగా పడలేదు.

ఆ తర్వాతి కథ ఒక దారిన నడవదు. బోర్లు వచ్చాయి, ఎవరి నీళ్లు వారివయ్యాయి. పూడిక పేరుకుంది, తుమ్మచెట్లు మొలిచాయి, నగరాల దగ్గర చెరువులు ప్లాట్లయ్యాయి. 1997లో సాగునీటి వ్యవస్థల్ని రైతులకే అప్పగిస్తూ చట్టం వచ్చింది, నీటి సంఘాలకు ఎన్నికలు జరిగాయి. 2015లో తెలంగాణ మిషన్ కాకతీయ మొదలుపెట్టింది. ఒండ్రు మట్టి ట్రాక్టర్లలో పొలాలకు వెళ్లింది, చాలాచోట్ల చెరువులకు ప్రాణం వచ్చింది.

ఈ మధ్యలో, 2010 జులై 14న, శ్రీకాకుళం జిల్లా సోంపేటలో నీటిని కాపాడుకునే కథలో మరో అధ్యాయం. అక్కడ బీల అని పిలిచే తడినేలల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని రైతులు, మత్స్యకారులు అడ్డం తిరిగారు. పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ రోజే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. పోరాడినవారిలో ఎక్కువమంది ఆ తడినేల మీద బతికేవాళ్లే. పంట, చేప, పశువుల మేత అన్నీ అక్కడివే.

2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ పోరుమామిళ్ల చెరువును వారసత్వ కట్టడంగా గుర్తించింది. సంతోషమే. కానీ గుర్తింపు పత్రం గండి పూడ్చదు. ఒక పథకం వచ్చిన ఏడాది పూడిక తీసి, తర్వాత పదేళ్లు మరిచిపోతే లాభం లేదు. తూము దగ్గర ఏడాది పొడవునా ఒక మనిషి ఉండాలి, అతనికి నెలనెలా జీతం అందాలి. నీటి సంఘం ఖాతాలో సొంత డబ్బు ఉండాలి. చెరువు ఎంతవరకు విస్తరించిందో, ఆయకట్టు ఎంతో, ఈ ఏడాది మరమ్మతుకు ఎంత ఖర్చయిందో ప్రతి కట్ట మీదా ఒక రాతి పలక మీద తెలుగులో రాయించాలి. ఈసారి ఆ పలక మీద నీరుగంటి పేరు కూడా ఉండాలి.