లోపలే దొంగతనమా?

జంట అరటిపండు తింటే కవలలు పుడతారని మన అమ్మమ్మలు కడుపుతో ఉన్నవాళ్ళను ఆ పండు ముట్టనిచ్చేవారు కాదు. తీరా కవలలు పుట్టి, ఒకడు ఎర్రగా బొద్దుగా, ఇంకొకడు పాలిపోయి పీలగా ఉంటే, "లోపలే వాడి వాటా కూడా వీడు తినేశాడే!" అనేవారు. ఆ మాట విని నవ్వుకుంటాం గానీ, అందులో సగం నిజం లేకపోలేదు.

1617లో హాలెండులో ఎవరో చిత్రకారుడు పొత్తిగుడ్డల్లో చుట్టిన కవలల బొమ్మ వేశాడు. ఒక ముఖం ఎర్రన, ఒకటి తెల్లన. ఆ రంగులు చూసే, ఇది ఫలానా జబ్బు కావచ్చునని ఈనాటి వైద్యులు కొందరు పోల్చారు.

ఒకే పోలిక కవలల్లో చాలామందికి మావి ఒక్కటే. అందులో ఇద్దరి రక్తనాళాలూ కలుసుకుంటాయని జర్మన్ వైద్యుడు షాట్స్ 1882లోనే వివరించాడు. అలాంటి జంటల్లో నూటికి పది పదిహేనింటిలో రక్తం ఒకరి నుంచి ఇంకొకరికే ఎక్కువగా పారుతుంది. ఇచ్చే బిడ్డ చుట్టూ ఉమ్మనీరు తగ్గిపోతుంది. పోనీ, పుచ్చుకునే బిడ్డయినా సుఖంగా ఉంటుందా? అదీ లేదు! ఎక్కువైన రక్తాన్ని తోడలేక దాని గుండె అలసిపోతుంది. ఐదారు నెలల్లోపే ముదిరితే, చికిత్స లేకుండా చాలావరకు ఇద్దరూ దక్కరు.

కారణం తెలిసింది గానీ చెయ్యి అందలేదు. సూదితో ఉమ్మనీరు తీసి రోజులు గడపడమే దారిగా ఉండేది. 1988లో అమెరికాలో జూలియన్ డి లియా అనే వైద్యుడు సన్నని దుర్భిణీ గొట్టాన్ని గర్భంలోకి పంపి, కలిసిన నాళాలను లేజరు కిరణంతో మూసేశాడు. షాట్స్ చెప్పిన నూటఆరేళ్ళకు!

2004లో 142 మంది గర్భిణులపై జరిగిన పరిశోధన ఫలితాలు వచ్చాయి. కనీసం ఒక బిడ్డ అయినా ఇరవయ్యెనిమిది రోజులు దాటి బతికింది, నీరు తీసినవారిలో నూటికి 56 మందికి. లేజరు చేసినవారిలో 76 మందికి. వైద్యులకది విజయం. నాకు మాత్రం ఆ 'కనీసం' అన్న మాట దగ్గరే మనసు ఆగిపోయింది. ఆ మాట విని సంతకం పెట్టే తల్లి గుండె ఎంత గట్టిదో కదూ!

ఈ చికిత్స ఇప్పుడు మన హైదరాబాదులోనూ ఉంది. మీ ఇంట్లో ఎవరికైనా కవలలని తెలిస్తే, మావి ఒకటా, రెండా అని మూడో నెల స్కానింగులోనే అడగండి. ఒకటే అయితే నాలుగో నెల నుంచి రెండు వారాలకోసారి చూపించుకోవాలి.

ఆ ఇద్దరిలో దొంగ ఎవరూ లేరు. తల్లి తిన్న తిండిదీ తప్పు కాదు. ఇక జంట అరటిపండంటారా, పాపం, దానికి ఏమీ తెలియదు!