రాజు పక్కన గంటం దొర ఏడీ?

భద్రాచలంలో పొద్దున్నే చింతూరు బస్సెక్కండి. ఎటపాక రాగానే తెలంగాణ అయిపోతుంది. 2014 దాకా చింతూరు కూడా ఖమ్మం జిల్లాలోదే; పోలవరం ముంపు కింద ఆంధ్రకు వెళ్లింది. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు పేరిట కొత్త జిల్లా ఏర్పడి బోర్డులు మళ్లీ మారాయి.

రాత్రి వాన పడింది. రోడ్డుకు రెండువైపులా టేకు, వెదురు. ఒక కోయగూడెం మలుపులో దిగండి. చెట్టు కింద దిమ్మె, దిమ్మె మీద సీతారామరాజు.

దగ్గరికి వెళ్లి చూడండి. సిమెంటు విగ్రహం, కాషాయం రంగు ఎండకు వెలిసిపోయింది. విల్లు పట్టిన చేతివేళ్ల దగ్గర పెచ్చులూడి ఇనుపచువ్వ కనిపిస్తోంది. జూలై 4న జయంతికి వేసిన బంతిపూల దండ నాని మెడకు అంటుకుపోయింది. గడ్డానికి మాత్రం ఎవరో శ్రద్ధగా మళ్లీ నల్లరంగు పూశారు. సంతకు వెళ్తున్న ఒక ముసలమ్మ గంప దించి, దణ్ణం పెట్టి, గంప ఎత్తుకుని సాగిపోయింది.

ఇప్పుడు తూర్పుకు తిరగండి. ఆ కొండల అవతల, దూరాన, గూడెం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి: బ్రిటిష్ వాళ్ల మీద తిరగబడ్డ రాజు దళం మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్లను కొల్లగొట్టింది. పట్టుకెళ్లిన ఆయుధాల లెక్క స్టేషన్‌లోనే రాసి సంతకం పెట్టి మరీ వెళ్లాడు రాజు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో ముందు నడిచిన మన సిపాయిలను పోనిచ్చి, వెనక వచ్చిన తెల్ల అధికారులు స్కాట్ కవర్డ్‌నూ హైటర్‌నూ కాల్చేశారు. ఎవరిని వదలాలో, ఎవరిని కొట్టాలో ముందే తేల్చుకుని, ఆ క్షణం వచ్చేదాకా పొదల్లో ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. సేనాని అంటే అదీ!

అయితే ఆ పొదల్లో కూర్చున్నవాళ్లెవరు? పోడు కొట్టుకోనివ్వని అటవీ చట్టంతో, నర్సీపట్నం–లంబసింగి రోడ్డు మీద అరకొర కూలికి చేయించిన చాకిరీతో రగిలిపోయిన మన్యం మనుషులు. వాళ్లలో ముందున్నవాడు బట్టిపనుకుల మునసబుగా చేసిన గాం గంటం దొర. 1924 మే 7న రాజును కొయ్యూరులో కాల్చి చంపారు. కొద్ది వారాలకే గంటం దొర కూడా పోరాడుతూ ప్రాణం విడిచాడు. తమ్ముడు మల్లు దొర అంతకుముందే పట్టుబడి అండమాన్ జైలు చూశాడు. 1952లో విశాఖపట్నం నుంచి గెలిచి లోక్‌సభలో కూర్చున్నాడు. ఈ అన్నదమ్ములు ఎంతమందికి తెలుసు?

భీమవరంలో 2022 జూలై 4న ప్రధాని ఆవిష్కరించిన 30 అడుగుల కాంస్య విగ్రహంలోనూ రాజు ఒక్కడే. నాకిది అన్యాయంగానే తోస్తుంది. కొండదారులు పుట్టుకతో తెలిసినవాళ్లు లేకుండా ఆ యుద్ధం రెండేళ్లు నిలిచేదే కాదు.

ఈ దారిలో రేపు కొత్త విగ్రహం పెట్టబోయే ఊరి పెద్దలకూ, యువజన సంఘాలకూ, ఐటీడీఏ అధికారులకూ ఒక్క మనవి: రాజు పక్కన గంటం దొరనూ మల్లు దొరనూ నిలబెట్టండి, బడి పిల్లలకు కనబడే ఎత్తులో వాళ్ల పేర్లు చెక్కించండి.